బావ గింజలు, తమ్ముడి మొక్కుబడి

కింది అంతస్తు, వెనక గది నుంచి

ఒరేయ్ తమ్ముడూ,

నువ్వు క్షేమమనే అనుకుంటున్నాను. కాకపోతే ఈపాటికి నీ గొంతు ఇక్కడిదాకా వినపడేది.

నా సంగతి ఏముంది. మోకాలు అతికింది కానీ కుట్టుమిషను తొక్కొద్దన్నారు, మెట్లు ఎక్కొద్దన్నారు. అందుకని పెరడున్న ఆ ఇల్లు వదిలేసి ఈ గదిలోకి వచ్చాను. కిటికీ తెరిస్తే పక్కింటి గోడ. నా మొహం చూసీ చూసీ ఆ గోడకే విసుగొచ్చి ఉంటుంది. అరచేతి వెడల్పు ఎండ కూడా రాదు.

ఈ గుడ్డ మూటలో ఉన్నవి మీ బావ టమాటా గింజలు. బజారులో దొరికే రకం కాదని నీకు తెలుసు. పెళ్ళయిన కొత్తలో ఎక్కడో ఒక మొక్క నచ్చి తెచ్చుకుని, ఏటా అందులోంచి మంచిది ఏరి ఏరి నిలబెట్టిన రకం. మొదట పండిన పండు ఎంత నోరూరించినా నన్ను తిననిచ్చేవాడు కాదు. "అది వచ్చే ఏటిది, దానిమీద చెయ్యి వెయ్యకు" అనేవాడు. ఆయన పోయాక కూడా నేను ఒక్క ఏడాది తప్పించలేదు. ఈ ఏడు తప్పేలా ఉంది. అందుకే నీకు పంపుతున్నాను. నాకు బుద్ధి ఉంది, ఎండ లేదు. నీకు షాపు డాబా నిండా ఎండ ఉంది. మిగతాది నేను రాయను.

సగం వెయ్యి, సగం దాచు. అడుగున చిల్లులున్న డబ్బా తీసుకో. మట్టి మెత్తగా ఉండాలి, గింజ మీద గోరు మందాన కప్పితే చాలు. తడిగా ఉండాలి, బురదగా కాదు. మొలక కనపడగానే వెలుతురులో పెట్టు. అంతే. చిన్నపిల్లలు చేసే పని.

పోతాయేమోనని భయపడకు. నా దగ్గర ఇంకా ఉన్నాయి.

అక్క

*

వెల్డింగ్ షాపు నుంచి

అక్కా,

నీకు శాంతి. నీ మోకాలికి రెట్టింపు శాంతి.

గింజలు అందిన రోజే అన్నీ విత్తేశాను. సగం దాచమన్నావు. కానీ అక్కా, యజమాని ఇచ్చినదాన్ని భయపడి గోతిలో దాచిన పనివాడికి చివరికి ఏం మిగిలింది? చీకటీ, పళ్ళు కొరుక్కోవడమూ. విత్తేవాడు పిడికిలి బిగించడు. దారిమీద చల్లాడు, రాతిమీద చల్లాడు, ముళ్ళలోనూ చల్లాడు. లెక్క చూసుకున్నాడా?

చిల్లుల డబ్బా ఒకటి ఉంది కానీ తుప్పుపట్టిపోయింది. పాత మట్టితో సహా డాబా మూలకి నెట్టేశాను. బావ గింజలకి అదా? నేనే కొత్త రేకుతో ఓ తొట్టె చేశాను. ఆ అతుకులు చూస్తే నువ్వే మెచ్చుకుంటావు, చుక్క నీరు కారదు! పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నిండా నీళ్ళు పోస్తున్నాను. మా ఆదివారం కూడిక జరిగే షెడ్డులో, నేను నిలబడి మాట్లాడే బల్ల పక్కనే పెట్టాను. వాక్యం వినపడేచోట పెరగాలని.

ఇక చూడు మహిమ! మొలకలు వచ్చాయి. చూస్తుండగానే జానెడు పొడుగయ్యాయి. ఒకదాన్ని తోసుకుంటూ ఒకటి, పైకి, ఇంకా పైకి, పరలోకం వైపు మెడలు చాచుకుని. మొన్న ఆదివారం తొట్టె ఎత్తి అందరికీ చూపించి, "విశ్వాసం అంటే ఇలా ఎదగాలి" అని గంటన్నర మాట్లాడాను. బేకరీ ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. మీ మరదలు మాత్రం ఆవులించింది.

బావ నన్ను 'ఉరుము' అని వెక్కిరించేవాడుగా. ఉంటే చూసేవాడు, ఉరిమితే వాన కూడా పడుతుందని.

తమ్ముడు

*

వెనక గది నుంచి

ఉరుమూ,

అన్నీ వేశావా? అన్నీనా?

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి తప్పు నా కళ్ళజోడుదేమో అనుకున్నాను.

ఆ పొడుగు మహిమ కాదురా, ఆకలి. వెలుతురు చాలక వెతుక్కుంటూ మెడలు సాగదీస్తున్నాయి. కాడలు పాలిపోయి దారప్పోగుల్లా ఉన్నాయి కదూ? నువ్వు రాయలేదు కానీ నాకు ఇక్కణ్ణుంచే కనపడుతోంది. చీకటి కొట్టులో పెట్టడం ఒకటి, పైగా గంటన్నర ఉపదేశం. మనుషులైతే లేచి వెళ్ళిపోతారు. అవి ఎక్కడికి పోతాయి?

చుక్క నీరు కారదని మురిసిపోతున్నావు. కారాలిరా! వేళ్ళకి ఊపిరాడొద్దూ? ఆ తొట్టె అడుగున ఇవాళే చిల్లులు కొట్టు. అతుకులు వేసిన చేత్తో చిల్లులు పెట్టడం నామోషీ అయితే మేకూ సుత్తీ మరదలి చేతికివ్వు, నీ మీద కోపమంతా తీర్చుకుంటుంది.

తర్వాత డాబా మీదికి మార్చు. ముందు నీడపట్టున, ఆనక కాస్త కాస్తగా ఎండలో. గుంపులో గట్టిది చూసుకుని ఉంచి, పక్కవి పీకెయ్యి. వేలెడు దూరానికి ఒక్కటే. జాలిపడకు.

విత్తేవాడి కథ నాకు చెబుతున్నావా? నాలుగు చోట్ల చల్లితే మూడు చోట్ల పోయాయి, ఆ సంగతి మీ షెడ్డులో ఎప్పుడైనా చెప్పావా? మంత్రాలకు చింతకాయలు రాలవు, నీ ప్రసంగాలకు టమాటాలు కాయవు.

చేశాక రాయి. అబద్ధం మాత్రం రాయకు.

అక్క

*

వెల్డింగ్ షాపు నుంచి

అక్కా,

కోపం వచ్చినా పొద్దు గూకేలోపు చల్లారిపోవాలని గ్రంథంలో ఉంది. నీ ఉత్తరం దారిలోనే రెండు మూడు పొద్దులు చూసి ఉంటుంది, అయినా చేతికి తగిలితే కాలుతోంది.

డాబా మీదికి మారుస్తాను. చిల్లుల సంగతి ఆలోచిస్తున్నాను. పీకడం మాత్రం నావల్ల కాదు. పొలంలో కలుపు మొలిచిందని పనివాళ్ళు పీకబోతే యజమాని ఏమన్నాడు? ఆగండి, కోతదాకా రెండూ పెరగనివ్వండి అన్నాడు. కలుపునే పీకొద్దన్నాడే, ఇవి కలుపు కూడా కాదే! ఏది గట్టిదో ఏది నీరసమో తేల్చడానికి నేనెవర్ని? బలహీనుల్ని పీకెయ్యడం మొదలెడితే మా షెడ్డులో ముందు పోయేది బేకరీ ఆయనే.

మొక్కలు బాగానే ఉన్నాయి. కొన్ని వినయంగా తలలు వంచాయి.

నీ మోకాలి కోసం ప్రార్థిస్తున్నాను. నీ నోటి కోసం కూడా.

తమ్ముడు

వదినా, అంటించమని కవరు నా చేతికిచ్చారు. అంటించేముందు నాలుగు ముక్కలు. వినయమూ లేదు, పాడూ లేదు. కాడలు మొదలు దగ్గర మెత్తబడి ఒక్కొక్కటే పడిపోయాయి. తొట్టె నిండా పడుకున్నాయి. బూజు వాసన వస్తుంటే నేనే పారబోశాను. ఈయన నిన్నట్నుంచి షాపు తెరవలేదు. నామీద అరవట్లేదు, దేవుడిమీద అరవట్లేదు. అదే నాకు భయంగా ఉంది. ఒక్కటి మాత్రం బతికుంది వదినా. ఈయన మూలకి నెట్టేసిన తుప్పు డబ్బాలో. గింజలు వేశాక డాబా మీద చేతులు కడుక్కున్నారు, వేళ్ళకి అంటుకున్నది అప్పుడు జారి పడిందేమో. పొట్టిగా, లావుగా, ముదురాకుపచ్చగా ఉంది. దాన్నేం చెయ్యాలో చెప్పండి. మీ దగ్గర ఇంకా ఉన్నాయన్నారుగా, కాసిని నాకు పంపండి, ఈయనకి కాదు.

*

వెనక గది నుంచి

తమ్ముడికీ మరదలికీ,

లేవు. నా దగ్గర ఒక్క గింజ కూడా లేదు.

ఇవే చివరివని తెలిస్తే నీ చెయ్యి వణుకుతుందని అలా రాశాను. వణికినా బాగుండేది. నిరుడు పండే వేళకే నా కాలు విరిగింది, కోసేవాళ్ళు లేక పెరట్లోనే కుళ్ళిపోయాయి. నీకు పంపినవి అంతకుముందు ఏటివి.

తిట్టే ఓపిక లేదు. ఇక ఆ ఒక్కటే.

చెప్పింది చెప్పినట్టు చెయ్యండి. జానెడు ఎత్తు వచ్చేదాకా ఆ డబ్బాలోనే ఉండనివ్వండి. తర్వాత పెద్ద కుండీలోకి మార్చండి, అడుగున చిల్లు ఉండాలి. మార్చేటప్పుడు కింది ఆకులు గిల్లేసి, పైన నాలుగాకులు మాత్రం కనపడేలా మొక్కని మెడదాకా మట్టిలో పూడ్చండి. తప్పు రాయలేదు, మెడదాకానే. మట్టి తగిలిన కాడంతా వేళ్ళేస్తుంది. పక్కన కర్ర పాతి, గుడ్డ పీలికతో వదులుగా కట్టండి. ఆకుకీ కాడకీ మధ్యలో వచ్చే పిలకలు ఎప్పటికప్పుడు గిల్లెయ్యండి. వేలు పెట్టి చూస్తే మట్టి పొడిగా తగిలినప్పుడే నీళ్ళు.

గింజలు తీసే పద్ధతి మరదలికి వేరే కాగితం మీద రాశాను. అందాకా వస్తే.

మరదలా, నువ్వు దగ్గరుండు.

అక్క

*

వెల్డింగ్ షాపు డాబా నుంచి

అక్కా,

ఇన్నాళ్ళూ రాయలేదు. రాయడానికి ఏదైనా ఉండాలని ఆగాను.

బతికున్నదాన్ని మెడదాకా పూడ్చమంటావా అని, నీ ఉత్తరం చేత్తో పట్టుకుని కుండీ ముందు కూచుండిపోయాను. ఇనుము కరిగించే చెయ్యి ఇది. ఆ కింది ఆకులు గిల్లడానికి రాలేదు. "మీరు గిల్లుతారా, నన్ను గిల్లమంటారా?" అంది మీ మరదలు. ఆకుల్నే అంటోందో నన్నే అంటోందో తెలియని మొహంతో. గిల్లాను. పూడ్చాను. గింజ నేలలో పడి చస్తేనే పంట అని బల్ల గుద్ది ఎన్నిసార్లు చెప్పి ఉంటానో నాకే తెలీదు. మట్టి కప్పేటప్పుడు ఆ మాట గొంతు దాటి రాలేదు.

మర్నాడు వాలిపోయింది. మీ మరదలు నావైపు చూడలేదు, నేనూ ఆమె వైపు చూడలేదు. మూడోనాడు లేచి నిలబడింది. దీనిమీద నేనేమీ వ్యాఖ్యానించను, నువ్వు తిడతావు.

ఇప్పుడు నా నడుము ఎత్తుంది. కర్ర ఎందుకని ఇనప చువ్వలతో గూడు చేసి నిలబెట్టాను. పిలకలు గిల్లుతున్నాను, కళ్ళు మూసుకుని. పూత బాగా వచ్చింది కానీ ఎండ ముదిరి అంతా రాలిపోయింది. ఒక్కటి నిలిచింది అక్కా. గోళీ అంత కాయ!

ఆ సంతోషం పట్టలేక ఆదివారం లేచి నలుగురి ముందూ మొక్కుకున్నాను. ఈ మొదటి పండు కత్తి పెట్టకుండా, చీల్చకుండా, ఉన్నది ఉన్నట్టు దేవుడికి అర్పిస్తానని. మా షెడ్డు పద్ధతి నీకు తెలుసుగా. అర్పించిన ప్రథమఫలం ఆ వారం మంచాన ఉన్నవాళ్ళ ఇంటికి వెళ్తుంది. ఇచ్చాక అది ఏమైందని అడిగే పని లేదు. ఇది నీ తరఫున కూడా అని నీ పేరు చెప్పాను. అందరూ సంతోషించారు.

తమ్ముడు

*

వెనక గది నుంచి

నా పేరు చెప్పావా. నన్ను అడిగావా?

పేనుకి పెత్తనమిస్తే తలంతా గొరిగిందట. మొదటి పండు గింజకిరా! మీ బావ మాట మొదటి ఉత్తరంలోనే రాశాను. ఆ ముక్క చదివేటప్పుడు నువ్వు ఏ ప్రసంగం కట్టుకుంటున్నావు?

ఇంకో కాయ నిలవకపోతుందా అనుకుంటున్నావేమో. ఈ ఎండల్లో నిలవదు. ఎండలు తగ్గేదాకా ఒక్క మొక్క బతికుంటుందని ఎవరు పూచీ? నువ్వా? నీ పూచీ ఏపాటిదో తొట్టె నిండా చూశాం.

అర్పించుకో, నేను కాదనను. ముందు కోసి గింజలు తీసి అర్పించు. లేదా ఆ ఇంటివాళ్ళని అడిగి గింజలు తెచ్చుకో. దేవుడికి గింజలెందుకురా? ఆయనకి పెరడుందా, మోకాలు విరిగిందా?

మొక్కుబడి అంటావు. గెలిచి వస్తే ఇంట్లోంచి ముందు ఎదురొచ్చినదాన్ని బలి ఇస్తానని నోరు జారిన తండ్రి ఉన్నాడే నీ గ్రంథంలో. ఎదురొచ్చింది కన్నకూతురు. ఆయన మాట నిలబెట్టుకున్నాడు. నిలబెట్టుకుని ఏం బావుకున్నాడో చెప్పు, బోధకుడివి కదా.

అక్క

*

వెల్డింగ్ షాపు నుంచి

అక్కా,

పండు రంగు తిరుగుతోంది. భుజాల దగ్గర పసుపు, కింద ఎరుపు. అచ్చం బావ పండే. చూస్తుంటే ఆయన ఎదురుగా కూచుని నవ్వుతున్నట్టుంది.

మాటిచ్చాను అక్కా. ఔనంటే ఔను, కాదంటే కాదు అని ఇరవై ఏళ్ళుగా అరుస్తున్నవాణ్ణి. కోసి ఇస్తే చీల్చనన్న మాట పోతుంది. ఇచ్చి గింజలు అడిగితే ఒక చేత్తో పెట్టి ఇంకో చేత్తో లాక్కున్నట్టు. రేపు ఎవడైనా మాట తప్పితే నేను ఏ మొహం పెట్టుకుని గద్దించను?

బేకరీ ఆయన రోజూ వచ్చి పండు చూసిపోతున్నాడు, పెళ్ళికూతుర్ని చూసినట్టు. మీ మరదలు నాతో మాట్లాడటం మానేసి మొక్కతో మాట్లాడుతోంది. "నీకైనా అర్థమవుతోందా?" అంటోంది దాన్ని, నాకు వినపడేలా.

ఆ తండ్రి కథ నువ్వు ఎత్తకుండా ఉండాల్సింది. తినేటప్పుడు అదే గుర్తొస్తోంది, షాపులో అదే.

వచ్చే ఆదివారమే.

తమ్ముడు

*

వెనక గది నుంచి

తమ్ముడూ,

సరే. నీ ఇష్టం.

నేను బాగానే ఉన్నాను. మందులు వేళకి వేసుకుంటున్నాను. కుర్చీ గోడవైపు తిప్పుకున్నాను, గాలి అటునుంచే వస్తుంది. ఇక టమాటాల గురించి నీకు రాయను.

మరదల్ని అడిగానని చెప్పు.

అక్క

*

వెల్డింగ్ షాపు నుంచి

అక్కా,

నీ ఉత్తరం శనివారం వచ్చింది. నీ తిట్లు నాకు అలవాటే. ఈ మర్యాదే తట్టుకోలేకపోయాను.

ఆదివారం బల్లమీద తెల్లగుడ్డ పరిచి పండు పెట్టాను. షెడ్డు నిండిపోయింది. లేచి నిలబడి నోరు తెరిచాను. ప్రథమఫలం మీద మాట్లాడదామనుకున్నవాణ్ణి, నోట్లోకి వేరే వాక్యం వచ్చింది. ఒకరి కళ్ళంలో బలి ఇద్దామని వెళ్ళిన రాజు ఉన్నాడే, ఆ కథ. కళ్ళం ఆసామి "ఊరికే తీసుకోండి, ఎద్దులూ కట్టెలూ అన్నీ మీవే" అంటాడు. రాజు వద్దంటాడు. నాకేమీ ఖర్చు కానిదాన్ని నా దేవుడికి ఎలా ఇస్తానంటాడు. ఆ మాట దగ్గర నేనెప్పుడూ బల్ల గుద్దుతాను. చెయ్యి ఎత్తాను కూడా. బల్లమీద పండుంది.

ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది అక్కా. ఈ పండుకి నేను పెట్టిన ఖర్చేమిటి? ఏరి ఏరి నిలబెట్టిన ఏళ్ళు బావవి. ఆ తర్వాతి ఏళ్ళు నీవి. వేలు పెట్టి చూసి పోసిన నీళ్ళు మీ మరదలివి. నేను పెట్టింది ఒక్క తొట్టె, అది మిగతావాటిని చంపింది.

"ఇది నాది కాదు, మా అక్కది" అన్నాను. "నాది కానిదాన్ని మొక్కుకున్నాను. ఇవ్వను."

బేకరీ ఆయన మెల్లిగా లేచాడు. "మరి దేవుడికిచ్చిన మాటో?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. నిజంగా నాకు ఖర్చయ్యేది ఏదైనా ఇస్తానన్నాను. "ఏమిటండీ అది?" అన్నాడు. ఆలోచించి చెప్పాను: "వచ్చే ఆదివారం నేను మాట్లాడను. మొదట్నుంచి చివరిదాకా నోరు విప్పను."

వెనక వరసలోంచి ఎవరో "హల్లెలూయా" అన్నారు. మరీ అంత గట్టిగా అనక్కర్లేదు. తర్వాత షెడ్డంతా అంది. అందరికంటే గట్టిగా మీ మరదలు.

ఆ పండు వెళ్ళాల్సిన ఇంట్లో మంచాన ఉన్న పెద్దావిడకి బేకరీ ఆయన తనంతట తనే వేడి రొట్టె పట్టుకెళ్ళాడు. ఇకనుంచి ఆయన్ని బలహీనుడని అనను.

ఇంటికొచ్చి పండు కోశాం. నువ్వు రాసిన కాగితం ముందు పెట్టుకుని, గింజలు గుజ్జుతో సహా గ్లాసులో నీళ్ళు పోసి ఊరబెట్టాం. పైన తెట్టు కట్టి కంపు కొట్టేదాకా కదపొద్దన్నావు. కొట్టింది. షాపుకి వచ్చినవాళ్ళు ముక్కు మూసుకుని, గేటు రిపేరు సంగతి రేపు మాట్లాడదామని వెళ్ళిపోయారు. కడిగి, పళ్ళెంలో ఆరబెట్టి, నువ్వు పంపిన గుడ్డలోనే కట్టాం. అన్నీ నీకే. నేనొక్కటి కూడా ఉంచుకోలేదు, మీ మరదలు నా చేతులు కూడా వెతికింది.

మిగిలిన పండు మీద ఉప్పు చల్లి చెరిసగం తిన్నాం. బావ నిన్నెందుకు ముట్టనిచ్చేవాడు కాదో తెలిసింది. ఒకటి తింటే ఇక ఆగలేం, వచ్చే ఏటికి ఏమీ మిగలదు.

తమ్ముడు

*

వెనక గది నుంచి

ఒరేయ్ ఉరుమూ,

మూట అందింది. ముడి విప్పుతుంటే పక్కగది నర్సమ్మ తలుపు దగ్గర ఆగి, "ఏమిటండీ అంత జాగ్రత్త, బంగారమా?" అంది. "కాదమ్మా, మా ఆయన" అన్నాను. ఏమనుకుందో ఏమో, ఆ రోజు నుంచి నన్ను ఎక్కువగా పలకరిస్తోంది.

నువ్వు మాట్లాడని ఆదివారం ఎలా గడిచిందో మరదలు రాసింది. మామూలుకంటే ఎక్కువమంది వచ్చారటగా! బేకరీ ఆయన వాక్యం తప్పు చదివితే నువ్వు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఊగిపోయావట. ఇంటికొచ్చాక తలుపు మూసి గంటసేపు మొక్కకి చెప్పుకున్నావట. మీ బావ ఉంటే, ఉరుము ఊరుకుంది, ఇక వాన ఖాయం అనేవాడు. నువ్వు నొచ్చుకోకు, నిన్నంటేనే ఆయనకి కాలక్షేపం.

కుర్చీ మళ్ళీ ఇటు తిప్పుకున్నాను.

ఈ కవరులో సగం నీకే తిరిగి పంపుతున్నాను. ఆ తుప్పు డబ్బాలో వెయ్యి. నీ తొట్టెలోనే వేస్తానంటే ముందు చిల్లులు కొట్టి నాకు రాయి. వేలెడు దూరానికి ఒకటే ఉండాలి. పీకాల్సినవి మరదలు పీకుతుంది, ఆ వేళకి నువ్వు షాపులో ఉండు, డాబా మీదికి రాకు. మొదటి పండు వచ్చే ఏటిది. రెండోది దేవుడికివ్వు, ఆయన ఆగుతాడు. మీ బావ అయితే ఆగడు.

చదివావా? మధ్యలో ప్రసంగం కట్టుకోకుండా చదివావా? మళ్ళీ చదువు.

పోతాయేమోనని భయపడకు. నా దగ్గర ఇంకా ఉన్నాయి.

ఈసారి నిజంగానే.

అక్క